సైకిల్ గోలీల షికారు

సిరాజ్ సైకిలు మీద ఒకేసారి ఎంతమంది ఎక్కగలరో మెదక్‌లో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవారు. కిరాయి సైకిళ్ళ దుకాణం నడిపేవాడు కాబట్టి తన సైకిలును తనకు నచ్చినట్టు మార్చుకున్నాడు. ముందు రాడ్డు మీద ఒక చిన్న సీటు బిగించి నాలుగేళ్ళ కొడుకు అస్గర్‌ను కూర్చోబెట్టేవాడు. వాడి ముందు హ్యాండిలు పట్టుకుని ఏడేళ్ళ కూతురు అఖ్తర్. వెనక క్యారియర్ మీద బురఖాలో భార్య హలీమా, ఆమె ఒళ్ళో రొట్టెల డబ్బా. ఇదంతా చాలదన్నట్టు ఆమె భుజానికి ఆనించి, పాత దుప్పట్లో చుట్టిన ఒక పొడుగాటి తుపాకి. చలికాలం శుక్రవారాలు తెలతెలవారుతుండగా ఈ సరంజామా అంతా ఊరు దాటి శంకరంపేట దారి పట్టేది. దారిన పోయేవాళ్ళు పక్కకు తప్పుకుని మరీ చూసేవారు.

వాళ్ళు పోయేది పెద్ద చెరువు దగ్గరికి, పిట్టలను చూడటానికి. చూడటానికి అంటే చూడటానికే. ఈ మాట పైకి చెబితే ఆ రోజుల్లో మెదక్‌లో మనిషిని ఎగాదిగా చూసి, ఒంట్లో బాగుందా అని అడిగేవారు. పిట్ట అన్నది ఉంటే పంజరంలో ఉండాలి, లేదంటే పళ్ళెంలో ఉండాలి. చెరువు గట్టు మీద కూర్చుని, అది ముక్కుతో ఈకలు సవరించుకుంటుంటే నోరు తెరుచుకుని చూసేవాణ్ణి ఏమనాలో ఊరికి తెలియదు.

అందులోనూ సిరాజ్ షికారీ ఖాసిం సాబ్ కొడుకు. ఖాసిం సాబ్ బతికున్నన్నాళ్ళూ చలికాలం వచ్చిందంటే ఆ గల్లీలో ప్రతి ఇంటికీ బాతుమాంసం హిస్సా, అంటే వాటా, అందేది. ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు గానీ, నెత్తి మీద రెండు నల్లగీతలున్న పెద్దబాతులు గుంపులు గుంపులుగా పెద్ద చెరువులో దిగేవి. ఖాసిం సాబ్, ఆయన దోస్తు వాహెద్ కలిసి వెళ్ళి కొట్టుకొచ్చేవారు, ఇద్దరి భార్యలూ పీకి వండేవారు. ఖాసిం సాబ్ పోయాక తుపాకి గోడకెక్కింది. పోయిన చలికాలం, సరిహద్దు యుద్ధం గొడవల్లో ఎవరూ దాని జోలికి పోలేదు. ఈ ఏడు సిరాజ్ పెళ్ళాం పిల్లలతో చెరువుకు బయల్దేరుతుంటే, అతని తల్లి షాజహాన్ బీ కళ్ళు చెమర్చి, తుపాకి తనే కిందికి దించి, నూనె గుడ్డతో తుడిచి కొడుకు చేతిలో పెట్టింది.

"మీ అబ్బా చూస్తుంటడు బేటా, పైనుంచి" అంది.

అట్లా కన్నీళ్ళు పెట్టుకున్న తల్లితో, నేను పోయేది చూడటానికే అమ్మీ అని చెప్పగల కొడుకు ఎవడైనా ఉంటే ఉండవచ్చు, సిరాజ్ మాత్రం కాదు. తుపాకిని దుప్పట్లో చుట్టి హలీమా చేతికిచ్చాడు.

చెరువు దగ్గర ఆ నలుగురికీ ఒక ఆట ఉండేది. ఏ పిట్ట కనబడినా దానికి గల్లీలో ఒకరి పేరు పెట్టాలి. ఎవరు పెట్టిన పేరుకు మిగతావాళ్ళు పగలబడి నవ్వితే వాళ్ళకు చివరి రొట్టె. ఉత్తరం ఇచ్చాక కూడా గడప దగ్గర కదలకుండా నిలబడే పోస్ట్‌మ్యాన్ నర్సింగం పేరు కొంగకు పోయింది. ఊరికే అరిచి అందరినీ పరుగులు పెట్టించే తీతువు పిట్టకు పక్కింటి అత్త పేరు. రాతి మీద నిలబడి నల్లటి రెక్కలు చాచి ఎండకు ఆరబెట్టుకునే నీటికాకిని చూడగానే చిన్న అస్గర్ "వాహెద్ దాదా!" అని అరిచాడు. వాహెద్ తన పాత నల్ల షేర్వాణీ తొడుక్కుని, చేతులు చాచి ఎండలో నిలబడి, చలి కాచుకునేది అచ్చం అట్లాగే. ఆ రోజు చివరి రొట్టె వాడిదే.

పెద్దబాతులకు మాత్రం ఎవరి పేరూ పెట్టలేదు. అవి దిగినప్పుడు ఆట దానంతట అదే ఆగిపోయేది. పొద్దున పొలాల్లో మేసి, కాస్త ఎండెక్కాక చెరువు అంచున లోతులేని నీళ్ళలోకి వచ్చేవి. ముందు మాటలు వినిపించేవి, ఆకాశంలో ఎవరో దూరపు చుట్టాలు మాట్లాడుకుంటూ వస్తున్నట్టు. ఆ తర్వాత కనిపించేవి. అఖ్తర్ అప్పుడు తండ్రి చొక్కా పట్టుకుని ఊపిరి బిగబట్టేది. సిరాజ్‌కు ఆ క్షణం కోసమే వారమంతా పంక్చర్లు వేస్తున్నట్టు ఉండేది. అతనికి ఇంత సంతోషం మరే పనిలోనూ దొరకలేదు.

మొదటి శుక్రవారం ఖాళీ చేతులతో ఇంటికొస్తే షాజహాన్ బీ ఏమీ అనలేదు. పొయ్యి మీద పెట్టి ఉంచిన మసాలా గిన్నెను దించి పక్కన పెట్టింది. అంతే. తిట్టినా బాగుండేదని సిరాజ్ వారమంతా అనుకున్నాడు.

రెండో శుక్రవారం చెరువు అవతల ఎల్లం అనే రైతు కనబడ్డాడు. అతని ఇంట్లో పెంపుడు బాతులు మందలు మందలు. సిరాజ్ రెండు బాతులు కొన్నాడు. అక్కడే బిస్మిల్లా చెప్పి కోశాడు. హలీమా చింతచెట్టు కింద కూర్చుని ఈకలు పీకి, తలలూ కాళ్ళూ తీసేసి, శుభ్రంగా కడిగి గిన్నెలో పెట్టింది. ఇంటి కోడిని కోయడానికి చెయ్యి వణకని మనిషి సిరాజ్. ఎల్లం ఇంటి బాతు అతనికి కూర. ఆకాశంలోంచి దిగిన బాతు కూర కాదు. ఆ తేడా ఎవరికైనా విడమరచి చెప్పమంటే మాత్రం తెల్లమొహం వేసేవాడు.

"తెచ్చినం అమ్మీ" అన్నాడు ఇంటికి రాగానే. ఎక్కడినుంచి తెచ్చారో ఎవరూ అడగలేదు కాబట్టి అది అబద్ధం కాదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

షాజహాన్ బీ మొహం వెలిగిపోయింది. "మా దుల్హన్ ఎంత మంచిగ సాఫ్ జేసిందో సూడుండ్రి" అని కోడలిని గల్లీ అంతటికీ వినబడేట్టు మెచ్చుకుంది. గిన్నెలు పంచుకుని హిస్సాలు బయల్దేరాయి. ఆ సాయంత్రం ఆమె చాలా రోజుల తర్వాత కళ్ళకు సుర్మా పెట్టుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. హిస్సా అందుకున్నవాళ్ళలో వాహెద్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు షికారు చేసిన నాలుక అది. మరుసటి వారం దుకాణం ముందు నిలబడి సిరాజ్‌ను నిలదీశాడు.

"ఏంది బేటా, మాంసంల ఒక్క గుండు తగలలేదు? మీ అబ్బా కొట్టిన బాతు తింటే పంటి కింద రెండు మూడు తగిలేటియి."

సిరాజ్ చేతిలో ట్యూబు నీళ్ళ తొట్లో పడింది. "తలకు కొడుతున్న చాచా" అన్నాడు, వేరే ఏమీ తోచక.

వాహెద్ కాసేపు కన్నార్పకుండా చూశాడు. తర్వాత సిరాజ్ తలను రెండు చేతుల్లోకి తీసుకుని నుదురు ముద్దుపెట్టుకున్నాడు. సాయంత్రానికి చాయ్ హోటల్లో ఈ మాట మార్మోగింది. సిరాజ్ తలకు తప్ప కొట్టడు. ఖాసిం సాబ్‌ను మించిపోయిండు. మూడో శుక్రవారం గడిచేసరికి సైకిలు కిరాయికి తీసుకునే పిల్లలు కూడా సలాం కొట్టి తీసుకుంటున్నారు. షాజహాన్ బీ గడప దాటి వెళ్ళే మనిషి కాదు గానీ, ఆ వారంలో గడప దగ్గరికి వచ్చి పలకరించని ఆడమనిషి లేదు.

"ఇగ ఎవరన్న ఒకరు మీ నిశాన, మీ గురి సూస్తమని వస్తరు" అంది హలీమా, పరేషాన్‌గా. "జర తగ్గించుండ్రి."

"పేరు నేను పెంచిన్నా? అదే పెరుగుతున్నది" అన్నాడు సిరాజ్.

హలీమా బాగా ఆలోచించింది. గుండ్లు లేకపోవడం వల్ల కదా ఈ గొప్ప అంతా వచ్చింది. మాంసంలో ఒకటి రెండు గుండ్లు పెడితే పోలా? అందరిలాగే కొడుతున్నాడనుకుని ఊరు ఊరుకుంటుంది. ఆలోచన మంచిదే. గుండ్లు ఎక్కడినుంచి తేవాలన్నదే చిక్కు. మామగారి గుండ్ల సంచీ ఖాళీ. ఆమె మొగుడి దుకాణంలోకి వెళ్ళి, గ్రీజు డబ్బా పక్కనున్న చిన్న డబ్బాలోంచి సైకిలు బేరింగు గోలీలు నాలుగు తీసుకుని, సబ్బుతో శుభ్రంగా కడిగి, నాలుగో శుక్రవారం తెచ్చిన బాతు ముక్కల్లోకి కూరింది. మొగుడికి చెప్పలేదు. చెబితే భయపడతాడు, చెప్పకపోతే ధైర్యంగా ఉంటాడని ఆమె లెక్క.

ఆ శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక వాహెద్ భోజనానికి వచ్చాడు. పరదా వెనక నుంచి షాజహాన్ బీ స్వయంగా వడ్డన పంపిస్తోంది. రెండో ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో టక్కుమని చప్పుడైంది. వాహెద్ దవడ పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. తర్వాత అరచేతిలోకి ఉమ్మాడు. చేతిలో సగం పన్ను, దాని పక్కన ఒక ఉక్కు గోలీ. తుపాకి గుండు మెత్తటి సీసం. పంటి కింద పడితే నలుగుతుంది. ఇది నలగలేదు సరికదా, అద్దంలా మెరుస్తోంది.

పరదా వెనక హలీమా కొంగు నోట్లో కుక్కుకుంది. సిరాజ్ గోలీని చూశాడు, పరదా వైపు చూశాడు, అంతా అర్థమైంది.

"గుండ్లు దొరుకుతలేవు చాచా" అన్నాడు గబగబా. "యుద్ధం అయినప్పటి సంది మార్కెట్ల సీసం లేదు. గందుకే సైకిల్ గోలీలు పోసి కొడుతున్న."

ముందు నుంచి మందు కూరే భర్మారు తుపాకి అది. ఏది పోసినా పేలుతుంది. కాబట్టి ఈ మాట నమ్మదగ్గదే. నమ్మదగ్గది కావడమే కొంప ముంచింది. వాహెద్ పగిలిన పన్ను సంగతి మరిచిపోయాడు.

"సైకిల్ గోలీతోని? తలకు?" అన్నాడు. "పన్ను పోతే పోయింది బేటా. గీ షికారు నేను కండ్లార సూడాలె. వచ్చే జుమ్మాకు నేనొస్త."

సిరాజ్ నోరు తెరిచేలోపు పరదా వెనకనుంచి షాజహాన్ బీ గొంతు వినిపించింది. "నేను గూడ వస్త. టాంగా పిలువు."

కోడలు పోవడమే కొత్త, ఖాసిం సాబ్ కాలంలో ఆ ఇంటి ఆడవాళ్ళు షికారుకు పోయే ఆచారమే లేదు.

"మీ అబ్బా ఎన్నడు తీస్కపోలే. లోకులు ఏమంటరో అనేటోడు. ముసలిదాన్ని, ఇప్పుడు నన్నెవరేమంటరు? నా కొడుకు ఎట్ల కొడతడో నేను సూడొద్దా?"

ఆ వారం సిరాజ్ జ్వరం వచ్చిందని పడుకుందామనుకున్నాడు గానీ, జ్వరం రాలేదు. గురువారం సాయంత్రం దుకాణం మూస్తుంటే అఖ్తర్ వచ్చి పక్కన నిలబడింది.

"అబ్బా, రేపు నిజంగనే కొడతవా?"

"మీ దాదీ సూస్తనన్నది గదా బిడ్డా."

"కొడితే నేను మల్ల నీతోని రాను" అంది పిల్ల. ఏడవలేదు, అలగలేదు. ఉన్న సంగతి చెప్పి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సిరాజ్ తాళం చేతిలో పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. కొడితే బిడ్డ పోతుంది, దాంతోపాటు శుక్రవారాలు పోతాయి. కొట్టకపోతే తల్లి తల ఎత్తుకోలేదు. ఇన్నాళ్ళూ ఆమె గడప దగ్గర నిలబడి చెప్పుకున్న గొప్పలన్నీ ఎల్లం ఇంటి బాతుల మీద కట్టినవని తెలిసిపోతుంది. తండ్రి పేరు సరేసరి. హలీమా వచ్చి పక్కన కూర్చుంది, తప్పు నాదే అంది. ఇద్దరిదీ అన్నాడు సిరాజ్. అంతకన్నా ఇద్దరికీ మరే ఉపాయమూ తోచలేదు.

శుక్రవారం చెరువు అచ్చం పోయిన వారంలాగే ఉంది. దానికేం తెలుసు పాపం. పరదా కట్టిన టాంగా గట్టు కింద ఆగింది. అందులోంచి హలీమా, అత్తగారు, పిల్లలు దిగారు. సిరాజ్, వాహెద్ చెరో సైకిలు మీద ముందే చేరుకున్నారు. షాజహాన్ బీ నఖాబు మొహం మీదికి లాక్కుని, గట్టు మీద పరిచిన చాప మీద కూర్చుంది. వాహెద్ ఆమెకు కాస్త వెనగ్గా, మర్యాదగా దూరంలో నిలబడ్డాడు. అప్పుడే చిన్న అస్గర్ రాతి మీద రెక్కలు చాచిన నీటికాకిని చూపించి, "అగో వాహెద్ దాదా!" అని కేక పెట్టాడు.

"ఏంది బేటా?" అన్నాడు వాహెద్ ప్రేమగా.

హలీమా వాడి నోరు మూసి, నోట్లో రొట్టెముక్క పెట్టింది.

ఇంతలో పైనుంచి మాటలు వినిపించాయి. పెద్దబాతులు వచ్చాయి. గుంపు గుంపంతా ఒక పక్కకు వంగి, చుట్టు తిరిగి, కాళ్ళు ముందుకు చాచి నీళ్ళలో దిగింది. గట్టుకు మరీ దూరం కాదు. సిరాజ్ తుపాకిలో మందు పోశాడు, గుడ్డ కూరాడు, గోలీలు వేశాడు. కడ్డీతో దట్టించాడు. అఖ్తర్ దాదీ పక్కకు పోయి చాప మీద కూర్చుని, తండ్రి వైపు చూడకుండా నీళ్ళవైపే చూస్తోంది.

"గవేంటియి బిడ్డా, నీళ్ళల్ల తెల్ల తెల్లగ?" అని అడిగింది షాజహాన్ బీ.

"బాతులు దాదీ. పెద్దబాతులు."

"బాతులా?" ఆమె నమ్మలేదు. "నాకెర్కలేవా బాతులు? ఎన్ని సాఫ్ జేసిన్నో! గంత పెద్ద మెడ ఏడుంటది వాటికి?"

"ఉంటది దాదీ. సచ్చినంక ముడుసుకుంటదేమో" అంది అఖ్తర్.

షాజహాన్ బీ చాప మీదే ముందుకు వంగింది. వాహెద్ వంగి సిరాజ్ చెవిలో అన్నాడు. "గా మెడెత్తి నిలబడ్డదాన్ని కొట్టు. అది కావలి. దాన్ని పడగొడితే మిగిలినయి ఆగమాగమైతయి. మీ అబ్బా అట్లనే కొట్టేటోడు."

సిరాజ్ తుపాకి ఎత్తాడు. కావలి బాతు తల, దాని మీద రెండు నల్లగీతలు, గొట్టం కొసన స్పష్టంగా కనిపిస్తున్నాయి. నిజం చెప్పాలంటే అంత దగ్గర నుంచి చిన్న అస్గర్ కూడా కొట్టగలడు. సిరాజ్ ఊపిరి తీసుకున్నాడు, వదిలాడు, మళ్ళీ తీసుకున్నాడు. తుపాకి కిందికి దించాడు.

"అమ్మీ, నాతోని కాదు" అన్నాడు. "నేను ఒక్కటి గూడ కొట్టలే. ఎన్నడు కొట్టలే. మీరు తిన్నయి గా అవతల ఎల్లం ఇంట్ల బాతులు. కొనుక్కొచ్చిన. ఈడికి నేను పిల్లలతోని కూసోని పిట్టలను సూసిపోతందుకు వస్తున్న. గంతే."

ఒక్కసారిగా అంతా చెప్పేసరికి గుండె తేలికైంది. మరుక్షణం తల్లి వీపు చూడగానే మళ్ళీ బరువెక్కింది. ఆమె వెనక్కి తిరగలేదు. వాహెద్ పగిలిన పన్నును నాలుకతో తడుముకుంటూ నిలబడ్డాడు. ఈ పన్నుకు ఇక జవాబు ఎవరు చెబుతారన్నట్టుంది ఆయన మొహం.

"అబద్ధం జెప్పినవ్" అంది షాజహాన్ బీ చివరికి. "గల్లీల గంతమందికి జెప్పుకున్న. నా కొడుకు, నా కొడుకు అని. అందరు నవ్వుతరు ఇగ."

"తప్పే అమ్మీ."

"నవ్వరు భాభీ" అన్నాడు వాహెద్. ముందుకొచ్చి సిరాజ్ చేతిలోంచి తుపాకి లాక్కున్నాడు. "ఖాసిం భాయ్ పేరు పోనియ్య. ఇయ్యాల ఖాళీ చేతులతోని ఎవరం ఇంటికి పోం."

ఒక మోకాలు నేల మీద ఆనించి తుపాకి భుజానికెత్తాడు. ముసలిచేయి అయినా గొట్టం కదలలేదు. అఖ్తర్ రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

సరిగ్గా అప్పుడు షాజహాన్ బీ చాప మీదినుంచి లేచింది. గట్టు దిగి, తుపాకికీ నీళ్ళకూ నడుమ నాలుగడుగులు ముందుకు పోయి నిలబడింది. కోపంగా నిలబడింది కాదు, అడ్డం నిలబడదామనీ కాదు. నల్లగుడ్డలోంచి ఆమెకు ఏమీ కనబడటం లేదు, అంతే. ఎండపొడకు కళ్ళు చికిలించి, విసుక్కుని, రెండు చేతులతో నఖాబును నెత్తి మీదికి ఎత్తేసింది.

వాహెద్ ఉలిక్కిపడ్డాడు. ముప్ఫై ఏళ్ళ దోస్తానాలో దోస్తు భార్య మొహం ఆయన ఒక్కసారి చూసింది లేదు. తటాలున లేచి తుపాకితో సహా వెనక్కి తిరిగి, శంకరంపేట దారివైపు మొహం పెట్టి నిలబడ్డాడు. అట్లా తిరిగి బాతులను కొట్టడం ఖాసిం సాబ్‌కు కూడా సాధ్యం కాదు.

షాజహాన్ బీకి ఇవేమీ పట్టలేదు. ఆమె చూస్తోంది. నీళ్ళలో ఒక బాతు తల ముంచి, ఎత్తి, వీపు మీద నీళ్ళు చల్లుకుంది. రెండు ఒకదానితో ఒకటి పోట్లాడి, అంతలోనే పక్కపక్కన కుదురుగా కూర్చున్నాయి. అఖ్తర్ మెల్లగా కళ్ళమీది చేతులు తీసి, గట్టు దిగి దాదీ పక్కన చేరింది.

"గదేంది, అన్ని పండుకుంటుంటే గదొక్కటి నిలబడ్డది?"

"అది కావలి దాదీ. అందరు పండుకుంటే అది సూస్తుంటది. జర సేపైనంక ఇంకోటి లేస్తది, గప్పుడు అది పండుకుంటది."

"వంతులా?"

"వంతులే."

ఆమె నిలబడే ఉంది. కాసేపటికి నిజంగానే నీళ్ళలో ఇంకో బాతు లేచి మెడ నిక్కించింది, మొదటిది ముక్కును రెక్కలో దూర్చుకుంది. షాజహాన్ బీ నోటి మీద చేయి పెట్టుకుంది.

"వాహెద్ భాయ్" అంది, వెనక్కి తిరగకుండానే.

"చెప్పుండ్రి భాభీ" అన్నాడు వాహెద్, ఆయనా తిరగకుండానే.

"ముప్ఫై ఏండ్లు మీరిద్దరు తెచ్చి నా ముంగట వడేసిండ్రు. పీకిన, కడిగిన, వండిన. ఏది ముదురుదో, ఏది లేతదో, ఈకలు ముట్టుకుంటే చెప్పేదాన్ని. కండ్లు మూసుకోని చెప్పేదాన్ని. ఇవి గిట్ల ఉంటయని నాకు ఒక్కలన్న చెప్పిండ్రా? ఒక్కనాడన్న?"

వాహెద్ తుపాకిని నేలకు ఆనించి తల వంచుకున్నాడు. సిరాజ్ పరిస్థితి అంతకన్నా అధ్వాన్నం. ముప్ఫై ఏళ్ళు తనవి కావని తప్పించుకోవచ్చు. మరి ఈ చలికాలం శుక్రవారాలు ఎవరివి? సైకిలుకు సీటు మీద సీటు బిగించాడు, రొట్టెల డబ్బాకు కూడా చోటు చూశాడు. అమ్మీ, నువ్వూ వస్తావా అని ఒక్కసారి అడగాలని అతనికి తోచనే లేదు. తల్లికి కావలసింది మాంసమే అనుకున్నాడు.

"జర సూడనియ్యుండ్రి" అంది ఆమె.

ఎండ నడినెత్తికి వస్తోంది. వాహెద్ గొంతు సవరించుకుని, జుమ్మా నమాజుకు టైం అయితున్నదని గుర్తుచేశాడు.

"మీకు అయితున్నది, మీరు పోండ్రి" అంది షాజహాన్ బీ. "మాకేం అయితలేదు. దుల్హన్, గా చాప ఇటు ముంగటికి గుంజు. సిరాజ్, అబద్ధం సంగతి ఇంటికొచ్చినంక సూస్త. ఊకుంటననుకోకు."

"సరే అమ్మీ."

చాప ముందుకు జరిగింది. అత్త, కోడలు, నడుమ ఇద్దరు పిల్లలు. అస్గర్ దాదీకి పోస్ట్‌మ్యాన్ నర్సింగాన్ని చూపిస్తున్నాడు. ఆమె నవ్విన నవ్వుకు రాతి మీది నీటికాకి ఎగిరిపోయింది. అఖ్తర్ లేచి పరుగెత్తుకుంటూ తండ్రి దగ్గరికి వచ్చి, అతని నడుము చుట్టూ చేతులు వేసి ఒకసారి గట్టిగా పట్టుకుని, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

మగవాళ్ళిద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ గట్టు దిగారు. తుపాకి దుప్పట్లో చుట్టి క్యారియర్‌కు కట్టారు. వాహెద్ పన్ను గురించి అడుగుతాడని, ఊళ్ళో ఏం చెప్పాలని అడుగుతాడని సిరాజ్ జవాబులు వెతుక్కుంటున్నాడు. ఊరు దగ్గరపడి, చర్చి గోపురం కనిపించాక వాహెద్ సైకిలు ఆపాడు.

"బేటా, వచ్చే జుమ్మాకు టాంగా మల్ల పిలుస్తవా?"

"పిలువకపోతే అమ్మీ ఊకుంటదా చాచా?"

"గందుల ఇంకొకరికి జాగ ఉంటదా?"

"ఎవరికి?"

వాహెద్ అతని మొహం చూడలేదు. సైకిలు గంటను చొక్కా చేతితో తుడుస్తూ చెప్పాడు.

"మీ చాచీకి. ఆమె గూడ సూడలే."